గురుపీఠమును వీడిన కుమారుడు – ఎమిల్ దుర్ఖైము

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమున, మోజెల్ నదీతీరమున ఎపినాల్ అను పట్టణము కలదు. అచ్చట 1858వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఎమిల్ దుర్ఖైము జన్మించెను. తండ్రి మోయిజ్ యూదుల మతగురువు. అట్టి గురువును వారు రబ్బీ యందురు. తాత రబ్బీ, ముత్తాతయు రబ్బీయే. గురుత్వము తరతరములుగ వచ్చుచున్న యింట పుట్టిన మగబిడ్డపై పెద్దలు ఎట్టి యాశలు పెట్టుకొందురో మఠములతో సంబంధము గల పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. బాలునకు చిన్ననాడే హీబ్రూ భాషయు, ధర్మగ్రంథములును నేర్పిరి. సంసారము పొదుపైనది. తల్లి మెలనీ బట్టలపై పూలు కుట్టించు చిన్న కర్మశాల నడిపి యింటి వ్యయమునకు తోడ్పడెను. పని విడిచి సుఖముగ కూర్చుండుట దోషమను భావము ఆ యింట బాలునకు ఒంటబట్టెను. అది మరణపర్యంతము ఆయనను విడువలేదు.

1870లో ప్రష్యాతో యుద్ధము వచ్చెను. శత్రుసైన్యము ఎపినాల్ పట్టణమును ఆక్రమించెను. ఫ్రాన్సు ఓడిపోగా, ఆ యోటమికి యూదులే కారణమని నిందించినవారు కలరు. పండ్రెండేండ్ల బాలుడు ఆ నిందను కన్నులార చూచెను. సంఘమునకు కష్టము వచ్చినపుడు అది తన బాధను ఎవరో యొకరిపై మోపి ఊఱట పొందునని ఆయన తరువాతి కాలమున వ్రాసెను. ఆ వ్రాత వెనుక ఈ బాల్యానుభవము కలదు.

యౌవనారంభముననే ఆయన రబ్బీ పదవి తనకు వలదని నిశ్చయించుకొనెను. దైవవిశ్వాసమును క్రమముగ సన్నగిల్లెను. అయినను ఇంటివారితో సంబంధము తెంచుకొనలేదు. చదువు కొఱకు పారిసు నగరము చేరి, ఎకోల్ నార్మాల్ అను ఉన్నత విద్యాలయ ప్రవేశపరీక్షలో రెండు మాఱులు తప్పి, మూడవ మాఱు 1879లో కృతార్థుడయ్యెను. తరువాత దేశనాయకుడైన జాన్ జోరెస్, తత్త్వవేత్తయైన బెర్గ్‌సన్ అచ్చట ఆయన తోడివిద్యార్థులు. గురువులలో ఫుస్తెల్ ద కులాంజ్ అను చరిత్రకారుడు ఆయనపై చెఱగని ముద్ర వేసెను. ప్రాచీన గ్రీసు, రోము దేశములందు గృహాగ్నిని, పితరులను పూజించుటయే కుటుంబమునకు, ఆస్తిహక్కునకు, తుదకు నగరమునకును పునాది యయ్యెనని ఆ చరిత్రకారుడు 1864లో ప్రకటించిన గ్రంథమున నిరూపింప జూచెను. తండ్రి పీఠమును వదలి వచ్చిన యువకునకు మతము మరల మఱియొక ద్వారమున ఎదురుపడినది.

1882 మొదలు అయిదేండ్లు దుర్ఖైము ఉన్నత పాఠశాలలలో తత్త్వశాస్త్రోపాధ్యాయుడుగ పనిచేసెను. ఆ 1882లోనే ఫ్రాన్సు ప్రభుత్వము తన పాఠశాలలనుండి మతబోధను తొలగించెను. చట్టము చేయుట సులభము. అంతవఱకు దేవుని పేర చెప్పిన నీతిని ఇక ఎవరి పేర చెప్పవలెను? అబద్ధమాడరాదనుటకు పిల్లవానికి చూపదగిన ఆధారమేమి? ఈ ప్రశ్న ఆనాటి ఉపాధ్యాయులందఱిని వేధించెను. 1887లో దుర్ఖైము బోర్డో విశ్వవిద్యాలయమున సంఘశాస్త్రమును, బోధనాశాస్త్రమును చెప్పుటకు నియుక్తుడై పదునైదేండ్లు కాబోవు ఉపాధ్యాయులకు పాఠములు చెప్పెను. నీతిపాఠమునుండి దేవుని పేరును కొట్టివేసినంత మాత్రమున పని ముగియదనియు, ఆ పేరు ఇన్నాళ్లు మోసిన బలము ఎక్కడిదో కనుగొని దానిని నిలుపవలెననియు ఆయన వారికి బోధించెను. ఆ కాలపు విద్యావంతులలో పెక్కుమంది మతమును పురోహితుల మోసమనియో, అజ్ఞానుల భ్రమ యనియో తీసివేయుచుండిరి. వేల యేండ్లు నిలిచిన వ్యవస్థ కేవలము అసత్యముపై నిలువజాలదని దుర్ఖైము పట్టుదల. విశ్వాసము లేనివాడు ఇట్లనుట విశేషమే.

అదే 1887లో లూయీజ్ ద్రైఫూస్‌ను వివాహమాడెను. మారీ అను కుమార్తెయు, 1892లో ఆంద్రే అను కుమారుడును కలిగిరి. భర్త వ్రాతపనిలో ఆ యిల్లాలు అచ్చుప్రతులు దిద్దుటతో సహా సగము బరువు మోసెను.

1897లో వెలువడిన ‘ఆత్మహత్య’ అను గ్రంథముతో ఆయన పేరు వ్యాపించెను. ప్రాణము తీసికొనుటకన్న మనుష్యుని సొంత విషయము వేఱొకటి లేదని లోకమనుకొనును. దుర్ఖైము దానినే సంఘశాస్త్రమునకు పరీక్షగ తీసికొనెను. సోదరి కుమారుడైన మార్సెల్ మోస్ ప్రభుత్వ దస్త్రములనుండి సుమారు 26,000 మరణములను వర్గీకరించి యిచ్చెను. ప్రొటెస్టంటులలో ఇట్టి మరణములు కాథలిక్కులలో కన్న ఎక్కువ, యూదులలో తక్కువ. ఉభయ క్రైస్తవ శాఖలును దానిని మహాపాపమనియే నిషేధించినవి కదా! కావున భేదము నిషేధములో లేదు, కూడి బ్రతుకుటలో కలదని ఆయన నిర్ణయము. ఏ మతమువారికి కలిసి చేయు ఆచారములు, ఒకరి యింటి కష్టసుఖములలో మఱియొకరు పాలుపంచుకొను కట్టుబాట్లు అధికముగ నుండునో ఆ మతము తనవారిని కాపాడును. బిడ్డలుగల సంసారులకును ఇట్టి రక్షయే కలదని ఆయన చూపెను. కాథలిక్కు గ్రామములలో పరువు కొఱకు ఇట్టి మరణములను ప్రమాదములుగ వ్రాయించి యుండవచ్చునని తరువాతి పండితులు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణలో బలము కలదు. ఐనను ఒంటరితనమును వైద్యునకు మాత్రమే గాక సంఘమునకును సంబంధించిన వ్యాధిగ చూపిన ఘనత ఆయనదే.

ఆ కాలముననే ద్రైఫూస్ అను యూదు సైనికాధికారి దేశద్రోహియని అన్యాయముగ శిక్షింపబడి యుండెను. 1898లో దుర్ఖైము ఆతని పక్షమున కలము పట్టెను. ఒక్క నిరపరాధిని బలియిచ్చి సైన్యము మర్యాద కాపాడుకొను దేశము తన పవిత్రతను తానే చెఱచుకొనునని ఆయన వాదము. సంఘమే గొప్పదని చెప్పువాడు వ్యక్తిని చిన్నచూపు చూచునని తలచినవారికి ఇది సమాధానము. ఆ యేడే ఆయన స్థాపించిన సంఘశాస్త్ర వార్షికపత్రిక 1913 వఱకు పండ్రెండు సంపుటములుగ వెలువడి, యువపండితులను ఒక్క కుటుంబమువలె చేర్చెను. 1902లో పారిసులోని సోర్బోన్ విద్యాపీఠమునకు ఆహ్వానము వచ్చెను.

1912లో ఆయన మహాగ్రంథము ‘మతజీవితపు మూలరూపములు’ ప్రకటితమయ్యెను. ఆస్ట్రేలియా నడిభాగమున నివసించు అరుంటా మొదలగు ఆదివాసుల యాచారములు దానికి ఆధారము. ఆయన ఆ ఖండమున అడుగు పెట్టలేదు. స్పెన్సర్, గిలెన్ అను నిరువురు చూచి వ్రాసిన గ్రంథములపై ఆధారపడెను. ఆ ప్రజలు ఆ కాలమున ఆహారము వెదకుచు చిన్న గుంపులుగ చెదరి తిరుగుచుండిరి. ఏదో యొక సమయమున అందఱును ఒకచోట చేరుచుండిరి. అప్పుడు పాట, ఆట, కేక. ఒంటరిగ నున్నప్పుడు లేని యావేశము ప్రతివానిలో పొంగును. తన్ను మించిన శక్తి యేదో తన్ను పట్టినదని వాడు నిజముగనే అనుభవించును. ఆ శక్తిని తన కులచిహ్నమైన జంతువునకో, చెట్టునకో ఆరోపించును. ఆ శక్తి సంఘముదే యని దుర్ఖైము సిద్ధాంతము. జాతరలో రథము కదలిన క్షణమున వేలమంది గొంతు ఒక్కటియగుటను ఎఱిగినవారికి ఈ వర్ణన క్రొత్త కాదు. మాంత్రికునియొద్దకు అక్కఱ గలవారు వేర్వేఱుగ వచ్చి పోవుదురనియు, వారిని ఒకరితో నొకరిని కలుపు బంధము లేదనియు, మతము మాత్రము తనవారిని ఒక్క సమాజముగ కట్టుననియు ఆయన చేసిన విభాగమును గమనింపదగినది.

భక్తుడు ఈ సిద్ధాంతమును పూర్తిగ నంగీకరింపజాలడు. కరతలమున ఇష్టలింగము నుంచుకొని ఏకాంతమున అర్చించువానికి ఏ జనసమూహపు ఆవేశము కలదు? ఏకాంతపూజయు సంఘము నేర్పినదేయని దుర్ఖైము సమాధానము. నేర్పినది సంఘమే కావచ్చును. నేర్చినవాడు పొందినదంతయు సంఘమే యనుట సాహసము. కొద్దిమంది ఆదివాసుల వృత్తాంతమునుండి లోకమతములన్నిటి మూలమును చెప్పుటయు ఆక్షేపణకు గుఱియైనది. ఐనను ఆ చూపు మన దక్షిణాపథమునకును వచ్చెను. ఒకప్పుడు వీరశైవులైన హాలేరి రాజులు పాలించిన కొడగు ప్రాంతపు కొడవల మతాచారములపై ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో ప్రకటించిన గ్రంథము, ఆంగ్ల పండితుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ద్వారా అందిన ఈ దుర్ఖైము మార్గముననే నడచినది.

1914లో ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. యుద్ధమునకు కొద్ది దినముల ముందు మిత్రుడు జోరెస్ హత్యకు గుఱియయ్యెను. పత్రికకుటుంబములోని యువకులు ఒకరి వెనుక నొకరు రణరంగమున కూలిరి. వారిలో మిక్కిలి ప్రతిభాశాలియైన రోబెర్ హెర్ట్స్ 1915లో మరణించెను. దుర్ఖైము దేశము పక్షమున కరపత్రములు వ్రాసెను. ఐనను 1916లో శాసనసభ పెద్దలలో ఒకడు ఆయన పేరును, పుట్టుకను పట్టుకొని జర్మనుల మనిషియని నిందించెను. 1870 నాటి నింద ముదిమిలో మరల వచ్చినది.

కుమారుడు ఆంద్రే భాషాశాస్త్రమున తండ్రి యడుగుజాడలలో నడచుచుండిన యువకుడు. బాల్కను రణరంగమునకు వెళ్లి 1915 డిసెంబరులో కనబడకపోయెను. తండ్రి వారములకొలది వార్తకై ఎదురుచూచెను. 1916లో మరణవార్త రూఢియయ్యెను. ఆ పిమ్మట తన యెదుట కుమారుని పేరెత్తవలదని ఆయన మిత్రులను కోరెను. చచ్చినవాని కొఱకు అందఱు కూడి ఏడ్చుట ఆ దుఃఖపడు కుటుంబమును నిలబెట్టునని ఆదివాసుల మరణకర్మలనుగూర్చి అంత విపులముగ వ్రాసినవాడు, తన దుఃఖమును ఒంటరిగ మ్రింగెను. పని మాత్రము ఆపలేదు. 1916 చివర మెదడులోని రక్తనాళము దెబ్బతిని మంచము పట్టెను. కొంత కోలుకొని, నీతిని గూర్చి తలపెట్టిన గ్రంథమునకు పీఠిక వ్రాయ నారంభించెను. కొన్ని పుటలే సాగినవి. 1917 నవంబరు 15వ తేదీన, ఏబదితొమ్మిదవ యేట పరమపదించెను. మోంపర్నాస్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. చనిపోయిన యువపండితుల వ్రాతలను, మేనమామ వ్రాతలను వెదకి కూర్చి ప్రకటించు భారము యుద్ధమునుండి తిరిగివచ్చిన మార్సెల్ మోస్ వహించెను.