రాక్షసగుళ్ళ రహస్యము వెదకిన మెడోస్ టైలర్

హైదరాబాదు నుండి బెజవాడకు పోవు బాటలో చౌటుప్పల్ చేరునప్పటికి నల్లగొండ సీమ తన నిజస్వరూపమును చూపును. ఎఱ్ఱచెల్కలు, తాటిచెట్లు, చిన్న చెఱువులు, ఏనుగుల మందవలె ఒరిగియున్న నల్లగుండ్లు, ఇదియే దక్షిణ తెలంగాణపు మెట్టసీమ. ఈ సీమలో బాట విడిచి కాలినడకను పొలముల కడ్డముగ పోవువారికి అప్పుడప్పుడు ఒక వింత కనుపించును. పెద్ద పెద్ద గుండ్లు గుండ్రముగ పేర్చబడి యుండును. వాని నడుమ చిన్నరాళ్ళ కుప్ప యుండును. ఆ కుప్పల క్రింద రాతిపలకలతో కట్టిన పెట్టెలు, వానిలో మట్టికుండలు, ఇనుప పనిముట్లు, మనుష్యుల ఎముకలు దొరకుచుండును. పల్లెవాసులు వీనిని రాక్షసగుళ్ళందురు. కొందరు పాండవుల గుళ్ళందురు. ఇంత బరువైన బండలను సామాన్య మానవు లెత్తలేరు గనుక రాక్షసులో, వనవాసమున తిరిగిన పాండవులో ఎత్తియుందురని వారి తలంపు.

ఇట్టి సమాధులు ఈ ప్రాంతమున కొల్లలు. భువనగిరి చెంత రాయగిరిలో ఉన్నవానిని నిజాము రైల్వే వైద్యుడైన హంట్ త్రవ్వి, 1924లో లండను పండితుల పత్రికలో వ్యాసము ప్రకటించెను. నాగార్జునసాగర జలములలో మునిగిపోవుటకు ముందు ఏలేశ్వరమున జరిపిన త్రవ్వకములలోను ఇవి బయల్పడెను. కృష్ణాతీరమున ముడుమాలలో నిలువెత్తు రాళ్ళు ఆకాశమువైపు చూచుచు నేటికిని నిలిచియున్నవి. 2025లో అవి యునెస్కోవారి తాత్కాలిక జాబితా కెక్కెను. అయితే వీరందరికంటె చాల ముందుగా, నిజాము రాజ్యమున ఈ రాళ్ళను ఓపికతో కొలిచి, త్రవ్వి, పటములు గీచి లోకమునకు తెలిపినవాడు పురావస్తుశాఖ ఉద్యోగి కాడు. కళాశాలలో చదివిన పండితుడును కాడు. పదునాఱవయేట పొట్టకూటికై ఓడ యెక్కి వచ్చిన ఒక ఆంగ్లబాలుడు. అతడే ఫిలిప్ మెడోస్ టైలర్.

టైలర్ 1808 సెప్టెంబరు 25న లివర్‌పూల్ నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. వ్యాపారము దెబ్బతినుటచే కుటుంబము చితికిపోయెను. బొంబాయిలో ఒక వర్తకుడు పిల్లవానికి కొలువిచ్చి, పెద్దవాడైన పిమ్మట వ్యాపారమున భాగస్వామిగ చేర్చుకొందునని ఆశ చూపగా, తలిదండ్రులు నమ్మి 1824లో పంపిరి. బొంబాయిలో దిగి చూచునప్పటికి ఆ వ్యాపారమే మునుగుటకు సిద్ధముగ నుండెను. ఒక బంధువు దయదలచి ఆ సంవత్సరమే నిజాము సైన్యమున చిన్న ఉద్యోగ మిప్పించెను. కుంపిణీవారి కొలువున చేరినవారికి గల హోదా, జీతము, పింఛను ఈ ఉద్యోగమునకు లేవు. జీవితాంతము టైలరునకు ఈ తక్కువతనము తప్పలేదు. కాని ఆ తక్కువతనమే అతనిని జనులకు దగ్గర చేసెను.

బొల్లారము, ఔరంగాబాదు దండులలో పని చేయుచు అతడు ఉర్దూ, పారసీ, మరాఠీ భాషలు నేర్చుకొనెను. భూమి కొలుచు విద్య, న్యాయశాస్త్రము, భూగర్భశాస్త్రము అన్నియు గురువు లేక స్వయముగ అభ్యసించినవే. హైదరాబాదులో పేరుపొందిన పామర్ వర్తకశాల స్థాపకుడు విలియం పామర్ కుమార్తె మేరీని 1832లో వివాహమాడెను. పామర్ తల్లి హిందూస్థాన స్త్రీ. ఈ విధముగ టైలర్ కుటుంబమే రెండు దేశములకు చెందినదయ్యెను. 1839లో సెలవుపై స్వదేశమున నున్నపుడు ఒక థగ్గు తన నేరముల నొప్పుకొను కథగా ఆంగ్లమున వ్రాసిన నవలను ప్రకటింపగా అది దేశమంతట ప్రఖ్యాతి కెక్కెను. విక్టోరియా రాణి అచ్చు పూర్తి కాకమునుపే పుటలను తెప్పించుకొని చదివెనని ప్రసిద్ధి. ఆ కీర్తితో లండనులోనే నిలిచిపోవచ్చును. కాని అతడు మరల హైదరాబాదునకు తిరిగివచ్చెను.

1841లో ప్రభుత్వమువారు అతనిని సురపురమునకు పంపిరి. నేడు కర్ణాటకమున యాదగిరి జిల్లాలో నున్న ఈ సంస్థానము భీమా కృష్ణా నదుల నడుమ గల కొండసీమ. దీనిని పాలించినవారు బేడ నాయకులు, మనము బోయలనువారు. రాజు కృష్ణప్ప నాయకుడు త్వరలోనే మరణించెను. కుమారుడు వెంకటప్ప పసివాడు, తల్లి ఈశ్వరమ్మ. అప్పులు, కుట్రలు, దోపిడులు సంస్థానమును కాల్చుచుండెను. ఆ రాజ్యభారము టైలరు పైబడెను. 1853లో యువరాజు పెద్దవాడై అధికారము స్వీకరించువరకు అతడు అచ్చటనే యుండెను. పొలములు కొలిపించి శిస్తు నిర్ణయించెను, బాటలు వేయించెను, బోనాళ చెఱువును బాగుచేయించెను. ఈ కాలముననే భార్య మరణించెను. కుమార్తెలు దూరదేశమున నుండిరి. ఒంటరి జీవితమున అతనికి దొరకిన తోడు నడక.

భూమిని కొలిపించువాడు ప్రతి పొలిమేరను త్రొక్కి చూడక తప్పదు. అట్లు తిరుగునపుడే రాళ్ళ వలయములు అతని కంటబడెను. తన దేశమున, ఐర్లండులో ఇట్టి రాళ్ళకుప్పలును, బండకప్పు గదులును కలవని అతడెఱుగును. రాజన కోళూరు గ్రామముకడ మూడు పలకలు నిలిపి, పైన పెద్ద బండ కప్పిన గదులు కనుపించెను. నాలుగువైపుల మూసి, ఒక పలకలో గుండ్రని రంధ్రము తొలిచిన గదులును కనుపించెను. అవి మోరియరు అను మరుగుజ్జుల యిండ్లని అచ్చటివారు చెప్పుకొందురు. మన సీమలో రాక్షసులు, ఆ సీమలో మరుగుజ్జులు! ఒకచోట బండల బరువును చూచి కథ పుట్టెను, మఱియొకచోట గదుల చిన్నతనమును చూచి పుట్టెను. టైలర్ ఆ కథలను నవ్వి త్రోసివేయక వ్రాసియుంచెను. పిదప కొలబద్ద తీసెను. తెఱచియున్న గదులలో ఏమియు దొరకలేదు. మూసిన గదులలో బూడిద, బొగ్గు, ఎముకల ముక్కలు, కుండపెంకులు దొరకెను. కనుక ఇవి ఇండ్లు కావు, సమాధులు అని తేలెను.

1851 ప్రాంతమున జేవర్గి సమీపమున అతడు కొన్ని రాళ్ళకుప్పలను త్రవ్వించెను. టైలర్ గొప్పతనము ఇచ్చట తెలియును. ఆ కాలమున సమాధులను త్రవ్వువారు చాలమంది నడుమ గొయ్యి తీసి, చేతికందిన కుండను, కత్తిని తీసికొని పోవువారు. మిగిలిన మట్టి వారికి మట్టియే. టైలర్ అట్లు చేయలేదు. జామపండును నిలువున కోసినప్పుడు తోలు, గుజ్జు, గింజలు వరుసగా కనుపించును గదా! ఆ విధముగ పైన రాళ్ళకుప్ప, దాని క్రింద మట్టి, ఆ క్రింద ఎముకలు, అడుగున రాతిపెట్టె, ఏది ఎంత లోతున ఏ వరుసలో నున్నదో కొలిచి నిలువుకోత పటములుగ గీచెను. కొన్ని సమాధులలో తల, మొండెము వేరైన అస్థిపంజరములు కనుపడెను. చనిపోయినవానితో కూడ బలియిచ్చిన వారివి కాబోలునని అతడూహించెను. ఎఱుపు నలుపు రంగుల నునుపైన కుండలు, ఇనుప బల్లెపుమొనలు అన్నిటికిని తావు, కొలత వ్రాసియుంచెను. ఈ విషయములను బొంబాయి ఆసియాటిక్ సంఘ పత్రికలో ప్రకటించెను.

ఈ సమాధుల నిర్మాత లెవరు? టైలర్ ఇచ్చిన జవాబు నేడు నిలువదు. ఐర్లండు సమాధులకును దక్కను సమాధులకును గల పోలికను చూచి, ఒకే జాతివారు రెండు దేశములకు వచ్చియుందురని అతడు తలచెను. శకులో, కెల్టులో ఇచ్చటికి వలస వచ్చిరనుట నాటి పండితులకు ప్రియమైన ఊహ. పడమటి ఐరోపాలోని ఆ పెద్దరాతి గోరీలు మనవానికంటె వేలయేండ్లు ముందటివనియు, ఇనుము నెఱుగనివారు కట్టినవనియు ఆనాడు తెలియదు. మన సమాధులు ఇనుపయుగమునకు చెందినవి. క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్ది చివరినుండి శాతవాహనుల కాలారంభమువరకు ఈ మెట్టసీమలలో పశువులను కాచి, పైరు పెట్టి, ఇనుము కరగించి బ్రతికిన జనులు తమ పెద్దలను ఈ రాళ్ళ క్రింద నిద్రపుచ్చిరి. వారు రాక్షసులు కారు, మరుగుజ్జులు కారు, కెల్టులును కారు. ఈ నేలనే దున్నినవారు.

మృతుల గృహములను తెఱచి శాంతముగ పటములు గీచిన టైలరునకు బ్రతికియున్నవారి విషయమున అట్టి శాంతి దక్కలేదు. 1853 తరువాత అతడు నలదుర్గమున, 1857లో బీరారునందలి బుల్డాణాలో అధికారిగ నుండెను. ఆ మహాసంక్షోభమున సురపురపు యువరాజు వెంకటప్ప నాయకుడు ఆంగ్లేయులపై తిరుగబడెను. చిన్ననాడు టైలరును అప్పా అని పిలిచిన బిడ్డడతడు. 1858లో సురపురము పడిపోయెను. రాజు హైదరాబాదున పట్టుబడెను. టైలర్ చెరసాలకు పోయి అతనిని చూచెను. మరణదండన తగ్గి నాలుగేండ్ల చెరయైనది గాని, చెంగల్పట్టునకు తీసికొనిపోవు దారిలోనే పిస్తోలు గుండు తగిలి యువరాజు ప్రాణములు విడిచెను. తాను పెంచిన పిల్లవాడు ఒక వైపు, తాను కొలిచిన ప్రభుత్వము మఱియొక వైపు. ఈ రెంటి నడుమ టైలర్ నలిగిపోయెను. అతడు ప్రభుత్వమునే కొలిచెననుట సత్యము. ఆ బిడ్డను తన జీవితచరిత్రలో మఱవలేదనుటయు సత్యమే.

1860లో ఆరోగ్యము చెడి ఇండియా విడిచి డబ్లిన్ నగరమున స్థిరపడెను. 1862లో రాయల్ ఐరిష్ అకాడమీ ఎదుట దక్కను సమాధులను గూర్చి ఒక పెద్ద వ్యాసమును సమర్పించెను. 1863లో తార అను చారిత్రక నవలను, 1872లో సీత అను నవలను ప్రకటించెను. కన్నులు మసకబారుచున్నను 1875లో సాలార్‌జంగు ఆహ్వానముపై హైదరాబాదునకు మరల వచ్చి, జ్వరమువాతబడి తిరుగుప్రయాణమయ్యెను. ఇల్లు చేరకయే 1876 మే 13న ఫ్రాన్సునందలి మెంటన్ పట్టణమున కన్నుమూసెను. మరుసటి సంవత్సరము కుమార్తె అతని స్వీయచరిత్రను అచ్చువేయించెను.

లోకము అతనిని నవలాకారునిగ జ్ఞాపకముంచుకొని, రాళ్ళను గూర్చి వ్రాసినదానిని మఱచెను. 1941లో హైదరాబాదు పురావస్తుశాఖాధిపతియైన గులాం యజ్దానీ ఆ వ్యాసములను వెదకి ఒక గ్రంథముగ ప్రకటించెను. 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరిలో త్రవ్వి, రాతిగొడ్డళ్ళ కాలమునకును శాతవాహనుల కాలమునకును నడుమ ఈ సమాధులకు స్థానము నిర్ణయించెను. త్రవ్వకపు విద్యను బోధించుచు 1954లో వీలర్ వెలువరించిన గ్రంథమున, నూఱేండ్లనాటి టైలర్ నిలువుకోత పటమును కాలమునకు మించిన పనిగ మెచ్చుకొని చూపెను.

ఇచ్చట విద్యార్థులు గ్రహింపదగిన దొకటి కలదు. టైలర్ సిద్ధాంతము పోయినది. అతని పటము నిలిచినది. సిద్ధాంతము ఆనాటి తెలివినిబట్టి కట్టినది గనుక క్రొత్త తెలివి రాగానే కూలెను. పటము కన్ను చూచినదానిని చూచినట్లు గీచినది గనుక, దానిని గీచినవాని తప్పును దిద్దుటకును అదియే ఆధారమయ్యెను. కన్ను చూచినదియు, బుద్ధి ఊహించినదియు కలగలుపక వేరువేరుగ వ్రాసియుంచుట చరిత్రకారుని మొదటి ధర్మము.

నేడు ఈ రాళ్ళకు మఱియొక ఆపద వచ్చినది. దున్నుటకు అడ్డమని కొన్నిటిని పెకలించుచున్నారు. కంకరకై కొన్నిటిని పగులగొట్టుచున్నారు. నిక్షేపములున్నవను ఆశతో కొన్నిటిని రాత్రివేళ త్రవ్వుచున్నారు. పటము గీయబడక మునుపే పగిలిన సమాధి మరల దొరకదు. ఉపాధ్యాయులు సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని ఊరి పొలిమేరకు నడచినచో, గడ్డపార అక్కఱలేదు, త్రవ్వుట నేర్చినవారికే తగును. ఒక త్రాడు, ఒక కాగితము, ఒక పెన్సిలు చాలును. వలయమున రాళ్ళెన్ని, అడ్డుకొలత యెంత, ఊరివారు దానిని ఏ పేర పిలుతురు, ఇవి వ్రాసికొని వచ్చినను చాలును. పదునాఱవయేట చదువు మాని వచ్చిన బాలుడు పరదేశపు రాళ్ళయెడ అంత శ్రద్ధ చూపినపుడు, మన పూర్వులు పండుకొనియున్న రాళ్ళయెడ మనకాపాటి శ్రద్ధ లేకపోవుట న్యాయము కాదు.