గాలికీ వెలుతురుకూ గోడలు కట్టిన మహనీయుడు – లారీ బేకర్

మన హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ ఏప్రిల్ నెల రాత్రులు గుర్తుండే ఉంటాయి. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పది గంటలకు కూడా సెగలు కక్కుతుంటే, కరెంటు పోయిన గదిలో ఉండలేక చాపా దుప్పటీ చంకన పెట్టుకుని డాబా మీదికి పరుగెత్తిన రోజులవి. పేదపిల్లలు చదువుకునే గది ఇంతే కాబోలు అని సరిపెట్టుకునేవాళ్ళం. అలా ఉండనక్కర్లేదని గోడలు కట్టి మరీ చూపించిన మహనీయుడు లారీ బేకర్. ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా ఆయన జీవితాన్ని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పరిచయం చేయాలన్నదే నా చిన్న ప్రయత్నం.

లారీ బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించారు. అక్కడే భవన నిర్మాణ శాస్త్రం చదివారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు తుపాకీ పట్టకుండా, క్షతగాత్రులకు సేవ చేసే దళంలో చేరి చైనా వెళ్ళారు. అక్కడ కుష్ఠురోగుల మధ్య పనిచేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో కొన్నాళ్ళు ఆగవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే గాంధీజీని కలుసుకున్నారు. ఇల్లు కట్టడానికి కావలసిన సామగ్రి ఆ చుట్టుపక్కల అయిదు మైళ్ళ లోపలే దొరకాలన్న గాంధీజీ ఆలోచన ఆయన మనసులో నాటుకుపోయింది.

1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల పని మీద మళ్ళీ మన దేశం వచ్చారు. 1948లో డాక్టర్ ఎలిజబెత్‌ను వివాహం చేసుకుని హిమాలయాల్లోని పితోరాగఢ్ చేరారు. ఆమె వైద్యం చేస్తుంటే ఆయన ఆసుపత్రి గదులు, బడులు కట్టేవారు. ఇంగ్లండులో నేర్చిన చదువు ఆ కొండల్లో అక్కరకు రాలేదు. రాయి, మట్టి, కలపతో ఇళ్ళు కట్టుకునే అక్కడి పల్లెవాసులే ఆయనకు గురువులయ్యారు. చాలా ఏళ్ళ పాటు అక్కడ ఉండి, 1963లో దంపతులు కేరళకు వచ్చారు. ఆ తర్వాత తిరువనంతపురంలో స్థిరపడ్డారు.

ఇక ఆయన కట్టడాల సంగతి చూద్దాం. కొట్టాయంలో మేరీ రాయ్ గారు 1967లో స్థాపించిన పాఠశాలకు భవనాలు రూపొందించింది బేకర్ గారే. 1970లలో తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అనే విద్యాసంస్థను కట్టారు. తరగతి గదులు, గ్రంథాలయం, విద్యార్థుల హాస్టళ్ళు అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. చెట్టు అడ్డం వస్తే చెట్టును కొట్టలేదు, గోడనే వంచారు. అందుకే అక్కడి గోడలు చాలావరకు వంపులు తిరిగి ఉంటాయి.

ఆయన గోడలో కిటికీ బదులు చాలాచోట్ల జాలీ కనిపిస్తుంది. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టేదే జాలీ. ఎండ సూటిగా లోపలికి రాదు, వెలుతురు చల్లగా పరుచుకుంటుంది, గాలి ఆగకుండా ఆడుతుంది. వేడిగాలి తేలిక కనుక పైకి పోతుంది. పైన దానికి దారి వదిలితే కింద నుంచి చల్లగాలి దానంతటదే వస్తుంది. పగటిపూట లైటు, ఫ్యాను అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

గోడ కట్టేటప్పుడు ఇటుకలను పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలేవారు. దీనివల్ల నాలుగు ఇటుకలు పట్టే చోట మూడే సరిపోతాయి. మధ్యలో చిక్కిన గాలి బయటి వేడిని లోపలికి రానివ్వదు. శ్లాబులోనూ ఇదే తెలివి. శ్లాబు అడుగుభాగంలో బరువు లాగేది ఇనుప చువ్వలే కాని కాంక్రీటు కాదు. అందుకని చువ్వల మధ్య పాత పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోసేవారు. సిమెంటు తగ్గుతుంది, గది చల్లబడుతుంది. ఇటుక కాల్చాలన్నా, సిమెంటు, స్టీలు తయారు కావాలన్నా బొగ్గు మండాలి. కనుక ఇటుక మిగిలితే బొగ్గు కూడా మిగిలినట్టే.

అయితే ఇవి లోపం లేని పద్ధతులని చెప్పను. జాలీకి మెష్ కొట్టకపోతే దోమలు వస్తాయి, చూరు చాలకపోతే జల్లు కొడుతుంది. ఆ శ్లాబు పోయడానికి పని తెలిసిన మేస్త్రీ ఉండాలి. అందుకే బేకర్ గారు ఎప్పుడూ పని జరిగే చోటే మేస్త్రీల మధ్య ఉండేవారు. వాడిపారేసిన కాగితాల మీదే ప్లాన్లు గీసేవారు. తన పద్ధతులను దాచుకోక, బొమ్మలతో చిన్న చిన్న పుస్తకాలుగా రాసి అందరికీ పంచారు. 1985లో కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. మన దేశ పౌరసత్వం తీసుకున్నారు. 1990లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 2007 ఏప్రిల్ 1న, తొంభై ఏళ్ళు నిండాక కన్నుమూశారు.

మిత్రులారా! చవకగా కట్టడం అంటే నాసిగా కట్టడం కాదని ఆయన జీవితం చెబుతోంది. గొప్పవారి పరిశోధన సంస్థకూ, పేదవాడి గుడిసెకూ ఆయన వాడింది ఒకటే ఇటుక, ఒకటే శ్రద్ధ. ఆ శ్రద్ధ మన గదుల మీద మనకూ ఉండాలి. వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టకండి. ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి, ట్రంకుపెట్టెలు వాటికి అడ్డం లేకుండా సర్దుకోండి. మార్చి రాకముందే వార్డెన్ గారిని అడిగి డాబా మీద తెల్లసున్నం వేయించుకోండి. పడమటి వైపు వేపమొక్కలు నాటితే, మీ తర్వాత వచ్చే తమ్ముళ్ళు నీడలో చదువుకుంటారు.

పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, మేస్త్రీలున్నారు. రేపు ఏ బడికో, ఏ హాస్టల్‌కో ప్లాను మీ చేతికి వచ్చినప్పుడు, ఏప్రిల్ రాత్రి మనం డాబా ఎక్కిన సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోండి. లారీ బేకర్ గారికి మనం అర్పించగల నివాళి అదే.