పింగళి సూరనార్యుఁడు

మన వెలుగోడునకు దాపుననున్న నంద్యాలను బదునాఱవ శతాబ్దమున నేలిన కృష్ణమరాజునకుఁ గృతి యొసంగఁబడిన కావ్యము కళాపూర్ణోదయము. తత్కర్త పింగళి సూరన, అమరనామాత్యుని పుత్రుఁడు. ఈతఁడు రాఘవపాండవీయమున రామకథయు భారతకథయు నొక్క పద్యముననే పలుకునట్లు రచించి పండితుల నబ్బురపఱచెను. ప్రభావతీప్రద్యుమ్నమును దండ్రికే యంకితమొనర్చెను. గరుడపురాణము మనకు దక్కలేదు.

కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికిఁ జెప్పిన కథలోని పాత్రములు ఆ దంపతుల ప్రణయలీలలకే రూపాంతరములు. చెప్పిన కథ భూమిపై జరిగితీరును. వాక్కే సృష్టి యని దీని భావముగ మేము గ్రహించితిమి. 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమునఁ గట్టమంచి రామలింగారెడ్డిగా రీ కావ్యమును విపులముగ విమర్శించిరి.

అయినను బ్రతిపాత్రమునకు సంకేతార్థము గట్టుట మాకు సమ్మతము గాదు. సుగాత్రీశాలీనుల కథఁ జూడుఁడు. సర్వాభరణములతో వచ్చిన భార్యను జేర సిగ్గుపడిన శాలీనుఁడు, ఆమె నగలు దీసి తోటపనిలోఁ జెమటోడ్చి తోడ్పడఁగా ననురక్తుఁడయ్యెను. కాపురము చేసినవారికి దీని యర్థము చెప్పనక్కఱలేదు. సంకేతము వెదకఁబోయినచో నా చెమటయే మఱుగుపడును. మేము పాఠశాలలో నీ ఘట్టమును జెప్పినప్పుడు బాలు రెవ్వరును అంతరార్థ మడుగలేదు. తరువాత నేమయ్యెనని యడిగిరి.