జాన్ వాలిస్
గూఢలిపుల గుట్టు విప్పిన గణితోపాధ్యాయుడు

మన బాలబాలికలు ఆటలాడుకొనునప్పుడు ప్రతి అక్షరమునకు ముందొక ‘క’ చేర్చి క-భాష మాటలాడుదురు. అది పెద్దలకు తెలియదని వారి నమ్మకము. అయితే రెండు నిమిషములు చెవియొగ్గి వినిన తల్లికి ఆ గుట్టు తెలిసిపోవును. పూర్వకాలమున రాజులును, మంత్రులును, సేనాధిపతులును తమ రహస్యలేఖలను ఇంచుమించుగా ఇట్టి నమ్మకముతోనే వ్రాసికొనుచుండిరి. ఆ నమ్మకము ఎంత బలహీనమైనదో చూపినవారిలో జాన్ వాలిస్ ముఖ్యుడు. ఈయన దైవసేవకుడు, ఉపాధ్యాయుడు, గణితవేత్త. అనంతమునకు గుర్తుగా మన పై తరగతుల విద్యార్థులు వ్రాయుచున్న, అడ్డముగా పరుండిన ఎనిమిదంకెను బోలిన చిహ్నమును 1655లో ప్రవేశపెట్టినవాడు ఈయనయే. ఈయన జీవితమును గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

వాలిస్ 1616వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ఇంగ్లండు దేశమున కెంటు మండలములోని ఆష్‌ఫర్డు పట్టణమున జన్మించెను. తండ్రి ఆ ఊరి సంఘకాపరి. బాలునికి ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. 1625లో ఆ పట్టణమున మహామారి వ్యాపింపగా తల్లి కుమారుని వేరొక ఊరి పాఠశాలకు పంపెను. అటుపిమ్మట ఫెల్‌స్టెడ్ పాఠశాలలో లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను ఆయన చక్కగా నేర్చెను. గణితము మాత్రము ఎవ్వరును నేర్పలేదు. ఆ దినములలో లెక్కలు వర్తకులకును నావికులకును కావలసినవేగాని పండితులకు తగినవి కావని తలచెడివారు. 1631లో క్రిస్‌మసు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, వ్యాపారమునకు సిద్ధపడుచున్న తమ్ముని చేతిలో అంకగణిత పుస్తకము కనబడెను. అది ఏమని అడిగి, తమ్ముని యొద్దనే కూర్చుండి, సెలవులు ముగియకమునుపే దానినంతయు గ్రహించెను. అన్న తమ్ముని శిష్యుడగుటకు సిగ్గుపడలేదు. ఒక గొప్ప గణితవేత్తకు ఇదియే అక్షరాభ్యాసము.

1632లో కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేలు కళాశాలలో చేరి, 1640లో గురుపట్టాభిషేకము పొంది, గొప్పయిండ్లలో చాప్లెయినుగా పనిచేయుచుండెను. అంతలో 1642లో మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును యుద్ధము సంభవించెను. ఆ సంవత్సరాంతమున చిచెస్టరు పట్టణము పార్లమెంటువారి వశమయ్యెను. అప్పుడు చిక్కిన గూఢలేఖ నొకదానిని, ఒకనాటి రాత్రి భోజనపు బల్లయొద్ద ఒకరు వాలిస్‌నకు చూపి, దీని సంగతి ఏమైన తెలియునాయని సగము పరిహాసముగా అడిగిరి. వాలిస్ దానిని పరికించి, అందలి గుర్తులు ఇరువదికి కొంచెము మించి మాత్రమే యుండుట గమనించి, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క గుర్తు పెట్టి వ్రాసినదని ఊహించెను. భోజనానంతరము కొద్ది గంటలలోనే దానిని చదివివేసెను.

ఇందులో మాయమంత్రము లేదు. ఇంగ్లీషులో ‘ఈ’ అను అక్షరము తక్కినవానికంటె ఎక్కువ మారులు వచ్చును. లేఖలో ఏ గుర్తు అధికముగా కనబడునో దానిని లెక్కించి చూచినచో తొలి ఆధారము దొరకును. మాటకు మాటకు నడుమ ఎడము విడిచియున్నచో, ఒంటరిగా నిలిచిన గుర్తు ‘ఏ’ గాని ‘ఐ’ గాని కావలెను. ఒక అక్షరము తెలిసినచో అది రెండవదానిని చూపును, ఆ రెండు మూడవదానిని చూపును. వలలో ఒక ముడి విడినచో తక్కినవి వదులగుట వంటిదే యిది.

మొదటి జయమును విని జనులు ఆయనయొద్దకు ఇంకను కఠినమైన లేఖ నొకదానిని తెచ్చిరి. అది ఫ్రాన్సుకు పారిపోయిన రాజమంత్రి విండెబాంకు తన కుమారునికి వ్రాసినది. అందు అక్షరములకు మారుగా అంకెలుండెను. అవి 700లను మించియుండెను. వాలిస్ ప్రయత్నించి, సాధ్యముగాక, దానిని ప్రక్కకు పెట్టివేసెను. అయినను మనస్సు ఊరకుండలేదు. మరల చేతబట్టి, ఊహించి, ఊహ తప్పినప్పుడు దానిని కొట్టివేసి, వేరొకటి ఊహించి, తుదకు సాధించెను. మన విద్యార్థులు మొదటి గెలుపు కంటె ఈ రెండవ గెలుపును ఎక్కువగా జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. మొదటిది తెలివికి గురుతు, రెండవది ఓర్పునకు గురుతు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. పరుల లేఖలను విప్పి చదువుట దైవసేవకునకు తగునా? ఈ ప్రశ్న ఆయనను జీవితాంతము వెంటాడెను. 1645లో నేస్బీ యుద్ధమున చిక్కిన రాజుగారి లేఖల గుట్టును ఈయనయే విప్పెనని విరోధులు నిందించిరి. వాలిస్ దానిని నిరాకరించెను. రాజునకు మరణశిక్ష విధింపకూడదని ఎదురు చెప్పిన బోధకులలో ఆయనయు నొకడు. అయినను పార్లమెంటువారు రాజపక్షపాతియైన ఆచార్యుని తొలగించి, 1649లో ఆక్స్‌ఫర్డులో రేఖాగణితాచార్య పదవిని వాలిస్‌నకిచ్చిరి. ఆ పదవిలో ఆయన 54 ఏండ్లుండెను. 1660లో రాజకుటుంబము తిరిగి వచ్చినప్పుడు రెండవ చార్లెసు ఆయనను ఆ పదవియందే స్థిరపరచి, తన చాప్లెయినుగా కూడ నియమించెను.

గణితమున ఆయన కృషి గొప్పది. 1656లో వెలువడిన ఆయన అనంతరాశుల గణిత గ్రంథమును యువకుడైన న్యూటను చదివి, దానినుండి తన పరిశోధనలకు దారి కనుగొనెను. 1669లో ఒక రాత్రి నిద్రపట్టక, దీపమైనను లేక, 3 తరువాత 40 సున్నలుగల సంఖ్యకు వర్గమూలమును మనస్సులోనే కట్టెను. పుట్టు చెవిటివారికిని, బాల్యమున చెవుడు వచ్చినవారికిని మాటలు నేర్పుటకు కూడ ఆయన శ్రమపడెను. డేనియల్ వేలీ అను చెవిటి యువకునికి మాట నేర్పి 1662లో రాయల్ సొసైటీ వారి యెదుట నిలువబెట్టెను. అయితే పోఫమ్ అను మరియొక బాలునికి తనకంటె ముందు నేర్పిన హోల్డరునకు తగిన పేరు ఇవ్వలేదను నింద ఆయనకు వచ్చెను. ఆయన కలహప్రియుడు కూడ. హాబ్స్ అను తత్త్వవేత్తతో సుమారు 25 ఏండ్లు కాగితములమీద పోరాడెను. సత్పురుషుని లోపములను దాచుట చరిత్ర గాదు గనుక వీనిని చెప్పితిమి.

1689 మొదలుకొని మూడవ విలియము రాజు కొలువునకు ఆయన మరల గూఢలేఖలను చదువసాగెను. ఫ్రాన్సు రాజైన 14వ లూయీకిని పోలండులోని ఆయన రాయబారికిని నడుమ జరిగిన లేఖలను చదివి, అందలి కుట్రను బయటపెట్టెను. ఏడు పదులు దాటిన వయసున ఆ పనివలన చూపు మందగించుచున్నదని ఆయన వాపోయెను. జర్మను పండితుడు లైబ్నిట్జు ఈ విద్యను నేర్పుమని పలుమారులు వేడినను వాలిస్ ఒప్పుకొనలేదు. తన మనుమడు విలియము బ్లెంకోకు మాత్రము నేర్పెను. 1703 అక్టోబరు 28న ఆయన ఆక్స్‌ఫర్డున దివంగతుడయ్యెను.

ఆయన విప్పిన లేఖలను వ్రాసినవారు మూఢులు గారు. తమ లిపి బలమైనదని నమ్మి, దానిని అజాగ్రత్తగా వాడుటయే వారి తప్పు. 1883లో కెర్కాఫ్స్ అను డచ్చి పండితుడు, పద్ధతి శత్రువునకు తెలిసినను తాళపుచెవి తెలియనంతకాలము లేఖ భద్రముగా నుండవలెనను నియమమును ప్రకటించెను. నేటి కంప్యూటరు గూఢలిపులు ఆ నియమము ననుసరించినవే. ప్రోగ్రాములు వ్రాయువారు గూఢలిపిని తామే కల్పింపక, నిపుణులు రచించి పలువురు పరీక్షించిన లైబ్రరీలను తెచ్చి అమర్చుకొందురు. అది మంచిదే. కాని అమర్చుటలో చిక్కు వచ్చినప్పుడు కొందరు ఎదుటివాని గుర్తింపును పరీక్షించు భాగమును ఆపివేసి, పని నడచినదని సంతోషింతురు. కొందరు తాళపుచెవిని ప్రోగ్రాములోనే వ్రాసి విడిచెదరు. మరికొందరు ఒక్కమారే వాడవలసిన సంఖ్యను పలుమారులు వాడెదరు. ఉక్కుతలుపు పెట్టించి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుట యనగా ఇదియే. ఫోనునకు వచ్చిన ఓటీపీని అడిగినవానికెల్ల చెప్పుట పెద్దలు చేయు ఇట్టి తప్పిదమే.

వాలిస్ చేసిన పనియంతయు దోషరహితమని మేము చెప్పజాలము. కాని ఆయన జీవితము మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. తెలియనిదానిని తమ్మునియొద్దనైనను నేర్చుకొనవలెను. చేపట్టిన పని తప్పినప్పుడు, తప్పెచ్చటనున్నదో లెక్కించి, ఓపికతో మరల మొదలిడవలెను. పరుల రహస్యము మన చేతికి వచ్చినప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు మాత్రము ప్రతివాడును తన మనస్సాక్షి యెదుటను దేవుని యెదుటను నిలిచి జవాబు చెప్పుకొనవలసియున్నది. ఏ లైబ్రరీయు మనకొరకు ఆ జవాబు చెప్పజాలదు.