ఆలస్యంగా వచ్చిన నీలిరంగు

భద్రాచలం అడవులను ఒరసుకొని, పాపికొండల నడుమ నుండి సాగివచ్చే గోదావరి రాజమహేంద్రవరం చేరేసరికి విశాలరూపం దాల్చుతుంది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి బాల్యం ఆ ఒడ్డుననే గడచినది. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయనకు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని చేజిక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురియైనారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికి తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టంతోనే సరిపెట్టుకొనవలసి వచ్చినది. స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి సోదరులను బలిగొన్నది.

తరువాత అమెరికా వెళ్లి హార్వర్డులో ఆచార్య ఫిస్క్‌తో కలసి పరిశోధన సాగించినారు. శరీరద్రవాలలోని ఫాస్ఫేటును కొలిచే సులభమార్గాన్ని 1925లో వారిరువురు ప్రకటించినారు. ఫాస్ఫేటుకు ఆమ్లంలో కరిగిన మాలిబ్డేటును, ఒక క్షయకరణిని చేర్చితే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత గాఢమైతే ఫాస్ఫేటు అంత హెచ్చు.

ఈ పద్ధతిని కండరానికి వర్తింపజేసినప్పుడు చిత్రం జరిగినది. శుద్ధ ఫాస్ఫేటుతో త్వరగా నిండే రంగు కండరరసంతో మెల్లమెల్లగా వచ్చినది. పద్ధతిలో లోపమని దానిని త్రోసిపుచ్చవచ్చును. కాని వారు ఆ ఆలస్యానికే కారణం వెదకినారు. కండరంలో కొంత ఫాస్ఫేటు క్రియాటిన్‌తో బంధింపబడి ఉన్నది. అది ఆమ్లంలో క్రమంగా విడివడిన కొలది రంగు హెచ్చుతున్నది. విశేషమేమనగా, ఆ విడివడుటను వేగిరపరచే ఉత్ప్రేరకం కూడా మాలిబ్డేటే. ఆ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసినది. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది, విశ్రమించినప్పుడు మరల పెరుగుతుంది. కండరశక్తికి లాక్టికామ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం దీనితో సడలినది. 1929లో వారు ఎ.టి.పి.ని కూడ కనుగొన్నారు. అదే ఏట జర్మనీలో లోమాన్ వేరుగా కనుగొన్నాడు.

1940లో సుబ్బారావుగారు లెడర్లే సంస్థలో చేరినారు. ఆయన నాయకత్వాన 1945లో ఫోలికామ్ల సంశ్లేషణ సిద్ధించినది. సోదరులను హరించిన స్ప్రూకు అది ఔషధమైనది. బోదవ్యాధికి హెట్రజాన్ కూడ అక్కడనే వెలువడినది. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్కులో ఆయన కన్నుమూసినారు. తిరిగి స్వదేశం చూడలేదు.

మాలిబ్డేటుతో వచ్చే ఆ నీలిరంగే నేటికీ మట్టిపరీక్షలలో భాస్వరం పాలు తెలుపుతున్నది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పాఠశాలలో ఒక విద్యార్థి, రంగు రాలేదని పరీక్షనాళికను పారబోయబోతే, ఉపాధ్యాయుడు ఒక్క నిమిషం ఆగమని ఈ కథ చెప్పవచ్చును.