ఖండాలను కదిలించిన వెగెనర్

ఖండాలు కదులుతాయన్న సత్యాన్ని భూగోళశాస్త్ర విద్యార్థి నేడు కళాశాలలో తొలి పాఠాలలోనే నేర్చుకుంటాడు. ఆ మాటను ఆధారాలతో నిలబెట్టజూచి పరిహాసానికి గురియైనవాడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్.

1880లో బెర్లిన్ నగరంలో జన్మించిన ఆయన చదివినది ఖగోళశాస్త్రం. చేపట్టినది వాతావరణ పరిశోధన. దక్షిణ అమెరికా తూర్పు తీరమూ, ఆఫ్రికా పడమటి తీరమూ అతికినట్లు అమరడం ఆయనను ఆలోచింపజేసింది. ఇరు తీరాల శిలలూ, శిలాజాలూ సాక్ష్యమిచ్చాయి. మన గోదావరి లోయలోని బొగ్గుపొరలలో కనబడే గ్లాసాప్టెరిస్ ఆకుముద్రలే ఆఫ్రికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. ఒకనాటి ఏకఖండమే చీలి విడిపోయిందని 1912లో ప్రకటించి, 1915లో గ్రంథం వెలువరించాడు. అయితే ఖండాలను నడిపే శక్తి ఏదన్న ప్రశ్నకు ఆయన సమాధానం చాలలేదు. ఆ లోపాన్ని పట్టుకొని భూవిజ్ఞానులు పలువురు సిద్ధాంతాన్నే త్రోసిపుచ్చారు.

1930లో గ్రీన్‌లాండ్ మంచు నడుమ శీతకాలం గడపనున్న సహచరుల వద్దకు ప్రయాసపడి చేరిన వెగెనర్, తన 50వ జన్మదినమైన నవంబరు 1న తిరుగు ప్రయాణమయ్యాడు, తీరం చేరలేదు. మరుసటి మే నెలలో ఆయన దేహం లభించింది. దానిని భద్రంగా మంచులో పాతిపెట్టిన తోడు ప్రయాణికుడు విల్లుమ్సెన్ జాడ తెలియనే లేదు.

సముద్రపు అడుగుభాగం విస్తరిస్తున్నదని 1960లలో రుజువై, వెగెనర్ వాదానికి కొరవడిన కారణం దొరికింది. ఆ తీర్పు వినడానికి ఆయన లేడు.