జన్యుశాస్త్రవేత్త హాల్డేన్

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరొంది, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగమైన జగ్గయ్యపేట, నందిగామ పరిసరాలలో మేకల పెంపకం అనేక కుటుంబాలకు జీవనాధారం. ఒకే మందలో, ఒకే బీడులో మేసిన రెండు మేకలలో ఒకటి పిల్లల కడుపు నింపి యజమాని ఇంటికి కూడా పాలు మిగులుస్తుంది. మరొకటి పిల్లలకే చాలీచాలనన్ని పాలు ఇస్తుంది. మేత, నీరు, ఆరోగ్యం, ఎన్నవ ఈత అనేవి ఈ తేడాకు కొంత కారణం. తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులు మరికొంత కారణం. అనువంశికతను గణితానికి అందేటట్లు చేసిన మహనీయులలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. బాల్యం నుండి తండ్రి ప్రయోగాలకు కుమారుడు సహాయకుడయ్యారు. విశ్వవిద్యాలయంలో హాల్డేన్ అభ్యసించినవి గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. అయినా చెల్లెలు నయోమితోను, మిత్రుడు స్ప్రంట్‌తోను కలిసి ఎలుకలను పెంచి, వాటి సంతానంలో లక్షణాలు ఎలా కనిపిస్తున్నాయో పరిశీలించారు. ఇంతలో 1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. ఇద్దరు మిత్రులూ సైన్యంలో చేరారు. 1915లో స్ప్రంట్ యుద్ధభూమిలో మరణించారు. హాల్డేన్ మిత్రుని పేరును కూడా చేర్చి, ఆ సంవత్సరమే పరిశోధన ఫలితాన్ని లోకానికి అందించారు. కొన్ని జన్యువులు ఇరుగుపొరుగుగా ఉండి, తరచుగా కలిసికట్టుగానే సంతానానికి చేరుతాయన్నది దాని సారాంశం.

ఆ సూత్రానికి మేకపాలు చక్కని నిదర్శనం. పాలలోని ప్రధానమైన మాంసకృత్తులను కేసిన్లు అంటారు. వీటిని తయారుచేయించే నాలుగు జన్యువులు మేక ఆరవ క్రోమోజోముపై పక్కపక్కనే ఉన్నాయి. వీటిలో ఆల్ఫా-ఎస్1 కేసిన్ జన్యువుకు అనేక రూపాలు ఉన్నట్లు 1980 దశకంలో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు గుర్తించారు. బలమైన రూపం ఒక్కొక్క ప్రతికి లీటరు పాలలో సుమారు 3.6 గ్రాముల కేసిన్‌ను ఇస్తుంది. బలహీన రూపాలు అంతకంటె చాలా తక్కువ ఇస్తాయి. ఒక రూపం అసలే ఇవ్వదు. కనుక సమానంగా పాలిచ్చే రెండు మేకలలో ఒకదాని పాలు గట్టిగా విరిగి ఎక్కువ జున్నునిస్తే, రెండవదాని పాలు అంతగా ఇవ్వకపోవచ్చు.

1924 నుండి హాల్డేన్ ప్రకృతి చేసే ఎంపికను, మానవుడు చేసే ఎంపికను గణిత సూత్రాలలో నిరూపించసాగారు. బయటికి కనిపించని అంతర్గత లక్షణం అరుదైన కొద్దీ దానిని ఎంపిక ద్వారా తొలగించడం ఎంత మందకొడిగా సాగుతుందో ఆయన లెక్కించి చూపారు. పశుపోషకునికి ఇది ముఖ్యమైన విషయం. మేకపోతు పాలివ్వదు. కాని దాని తల్లి పాలగుణం దాని ద్వారా మందలోని ఎన్నో పిల్లలకు సంక్రమిస్తుంది. అందుచేత పోతును దాని రూపం చూసి కాక, తల్లి పాలదిగుబడిని, పుట్టిన ఆడపిల్లల దిగుబడిని చూసి ఎన్నుకోవాలి.

లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఆచార్యునిగా ఖ్యాతి గడించిన హాల్డేన్, సూయజ్‌పై బ్రిటన్ జరిపిన దాడిని నిరసించి 1957లో భారతదేశానికి తరలివచ్చారు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. ఈ దేశపు వేషాన్ని, శాకాహారాన్ని స్వీకరించారు, పౌరసత్వాన్ని కూడా పొందారు. పేద దేశంలో పరిశోధనకు ఖరీదైన పరికరాలే అవసరం లేదని, ఓర్పుతో చూసి లెక్కించే కన్ను చాలునని శిష్యులకు బోధించారు. ఆయన శిష్యులలో తెలుగువారైన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. ఏ రంగు పువ్వుపై ఏ సీతాకోకచిలుక వాలుతున్నదో లెక్కించడమే ఆయన చేసిన పరిశోధనలలో ఒకటి. సంస్థ నిర్వాహకులతో అభిప్రాయభేదాలు రాగా, హాల్డేన్ 1961లో కలకత్తా కొలువును విడిచి, తరువాత భువనేశ్వర్‌లో కొత్త పరిశోధనశాలను నెలకొల్పారు.

అంతలో క్యాన్సర్ వ్యాధి ఆయనను కబళించింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని వైద్యవిద్య నిమిత్తం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జీవితమంతా ప్రాణికోటిని పరిశీలించిన ఆ మేధావి, మరణానంతరం తెలుగునేలపై విద్యార్థులకు తానే ఒక పాఠమైనారు.

హాల్డేన్ చూపిన మార్గం సంపన్నులకు మాత్రమే పరిమితమైనది కాదు. మునేరు తీరాన మేకలు కాచే కుటుంబంలోని విద్యార్థి కూడా దానిని అనుసరించవచ్చు. ప్రతి మేకకు ఒక గుర్తు పెట్టి, అది ఇచ్చే పాలను కొలిచి, ఏ తల్లికి ఏ పోతు వలన ఏ పిల్ల పుట్టిందో పుస్తకంలో రాసి ఉంచితే చాలు. సంతలో అమ్మవలసిన మేక ఏదో, మందలో నిలుపుకోవలసిన మేక ఏదో ఆ పుస్తకమే చెబుతుంది. లెక్క తెలియక మంచి పాలమేకను ఒకసారి అమ్ముకుంటే, దానితో పాటు దాని సంతతి కూడా మంద నుండి శాశ్వతంగా దూరమవుతుంది.